తొలగింపు రద్దు

ఆఫీసులో అందరూ ఆయన్ని సెట్టింగులాయన అంటారు. వృత్తి ప్రోగ్రాములు రాయడం. ప్రాణం మాత్రం తన కంప్యూటరును తన ఇష్టానికి దిద్దుకోవడంలో ఉంది. అక్షరాలు కాస్త పెద్దవి చేసినా సరే, నిటారుగా కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, ఆ మార్పును కారణంతో సహా, ప్రోగ్రామర్లు మార్పుల చిట్టా రాసుకునే గిట్‌లో నమోదు చేస్తాడు: "కళ్లకు శ్రమ కలుగుచున్నందున పెంచడమైనది." అవన్నీ తేదీలతో ఎక్కడో సర్వర్‌లో భద్రంగా ఉంటాయి. రాజ్యాంగ సవరణలకైనా ఇంత మర్యాద జరగదు.

ఒకనాడు భార్య చేతిలోని టీ కాస్తా లాప్‌టాప్ మీద ఒలికింది. "పదేళ్లుగా దిద్దుకున్నారు కదండీ, అంతా నా వల్లే పోయింది," అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన కొత్త లాప్‌టాప్ తెచ్చి, ఒకే ఒక్క కమాండు కొట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, షార్ట్‌కట్‌లు, తప్పిపోయిన పిల్లల్లా ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. ఆవిడ ఊపిరి పీల్చుకునేలోగా ఒంటిగంట కొట్టింది. తెర మధ్య ఒక వాక్యం వెలిగింది: "ఇక లేచి భోంచెయ్యండి మహాశయా."

అది ఎప్పుడో ఆవిడే సరదాకి, రోజూ ఒంటిగంటకి వెలిగేలా ఆయన సెట్టింగుల ఫైల్లో దూర్చిన వాక్యం.

"ఆ రోజే పీకేశానన్నారుగా?"

"పీకేశాను. కావాలంటే చూసుకో."

ఆవిడ గిట్ చిట్టా చూసింది. నిజమే: "అనధికార చొరబాటు తొలగించడమైనది." దాని పైనే, మర్నాటి తేదీతో: "నిన్న ఎవరూ పిలవనందున భోజనం మరచితిని. తొలగింపు రద్దు."

"ఈ ముక్క నోటితో చెప్తే ఏం పోయేదండీ?" అంది ఆవిడ నవ్వాపుకోలేక.

"నోటిమాటకి రికార్డు ఉండదు," అంటూ ఆయన లాప్‌టాప్ మూసి, బుద్ధిగా భోజనానికి లేచాడు.