వినుకొండ దారిలో దిష్టిబొమ్మల వేట

మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో వినుకొండ దారిలోని ఒక దిష్టిబొమ్మ ఫోటో పెట్టారు. మిరప చేలో పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, మెడలో పలక: ‘నన్ను చూసి ఏడవకురా’. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నెలంతా ఇంట్లో గానీ ఆఫీసులో గానీ నవ్వే సంగతి ఒక్కటీ లేదు. అందుకే ఆదివారం కారు మాట్లాడుకుని, గుంటూరు నుంచి వినుకొండ దాకా దారి పొడుగునా ఇలాంటి బొమ్మలే చూసి రావాలనుకున్నాను. గుళ్ళూ గోపురాలూ అందరూ చూస్తారు, మనం దిష్టిబొమ్మలు చూద్దాం అని గొప్ప. బుద్ధి లేకపోతే సరి.

తెల్లవారగానే బయల్దేరాం. నరసరావుపేట హైవే మీద కాకుండా సత్తెనపల్లి మీదుగా వెళ్ళండి, దారి కాస్త ఎక్కువైనా చేలన్నీ రోడ్డును ఆనుకునే ఉంటాయి. సత్తెనపల్లి బస్టాండు దగ్గర ముప్పై రూపాయలకు ఇడ్లీ, నోరు మండే కారప్పొడి. ఊరు దాటగానే ఒక పత్తి చేలో హెల్మెట్ పెట్టుకున్న బొమ్మ, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఇంకాస్త ముందు మిరప తోట నడిమధ్య సినిమా హీరోయిన్ ఫ్లెక్సీ. “దారినపోయేవాళ్ళ కళ్ళు ఆమె మీద పడతాయి మేడం, పంట బతికిపోద్ది” అన్నాడు డ్రైవరు మస్తాన్. నిజంగా పని చేస్తుందా అని అడిగాను. “చేస్తే రైతులు ఇట్టా ఎందుకుంటారండీ?” అని గేరు మార్చాడు.

పట్టుచీర బొమ్మ వినుకొండ ఇంకా కాస్త దూరం ఉందనగా కనబడింది. చిన్నపిల్లలా కారు దిగి పరిగెత్తాను. సెల్ఫీ తీసుకుంటుంటే గట్టు మీంచి ఒక గొంతు, “తీసుకోండమ్మా, తీసుకోండి. ఇంకెన్నాళ్ళుంటదిలే” అంది.

ఆవిడ పేరు రూతమ్మ. ఎకరన్నర కౌలుకు చేస్తున్నారట. భర్త కూలికి వెళ్ళాడు. ఆదివారం కదా, చర్చికి వెళ్ళలేదా అన్నాను.

“పోబుద్ధి కాలా. ఈ బొమ్మ వద్దన్నారు పాస్టరు గారు. దేవుణ్ణి నమ్మినోళ్ళకి ఇదేందమ్మా అన్నారు. మా ఆయన వింటేగా! తీరా పెట్టాక ఫోనుల్లోకెక్కింది. రోజూ కార్లు ఆగుతాన్నయ్యి. దిష్టి పోవాలని పెడితే ఊళ్ళో లేని కళ్ళన్నీ వచ్చి పడ్డాయ్. బొమ్మ పెట్టబట్టే పైరుకి పురుగు తగిలిందో, పెట్టినా తగిలిందో, ఆ దేవుడికే తెలియాలి.”

అప్పుడు చేను వైపు చూశాను. ఆకులన్నీ పైకి ముడుచుకుపోయి, మొక్కలు గిడసబారి ఉన్నాయి. బొమ్మ తప్ప చేను చూడని నా కళ్ళు మండిపోను! సిగ్గేసింది. చివరి మందు కొట్టి మూడు రోజులయిందట. ఈ పైరు నిలబడితేనే వచ్చే ఏడు కౌలు, లేకపోతే పొలం వేరేవాళ్ళకి ఇస్తానని ఆసామి కరాఖండీగా చెప్పాడట. అదే జరిగితే ఊరొదిలి తాపీ పనికి పోవడమే. పొద్దుట్నించీ గట్టు మీదే కూర్చుంది గానీ చేలో అడుగుపెట్టలేదు.

“నాకు చూడాలంటే భయమేస్తాంది. మీరు చూసి చెప్పండమ్మా. ఒక పువ్వు కోసి అరచేతిలో దులపండి. నల్ల పురుగులేం రాలకపోతే చేను బతికినట్టే.”

అయ్యో, నన్నెందుకు అడిగిందో! బాగున్న మొక్కను వెతికి మరీ పువ్వు కోశాను. దులిపాను. అరచేతిలో నల్లటి నలుసులు నాలుగైదు పడ్డాయి. కదిలాయి. ఇంకో సాలులో ఇంకో పువ్వు కోశాను. అవే.

“ఉన్నాయా?”

లేవని చెప్పాలని నోటిదాకా వచ్చింది. “ఉన్నాయమ్మా” అన్నాను.

రూతమ్మ ఏడవలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని మొదటి సాలులోకి దిగి మొక్కలు పీకడం మొదలుపెట్టింది. నేనూ వంగాను. మస్తాన్ చెప్పులు విడిచి వచ్చాడు. ముడుచుకున్న ఆకుల కింద అక్కడక్కడా కాయలు, ఇంకా పచ్చివే. కాసేపటికి రూతమ్మే ఆపింది. “చాల్లేమ్మా, మీ ప్రయాణం మీరు పొండి” అంది. మేం వినుకొండ వెళ్ళలేదు. తిరుగుదారిలో ఎన్నో బొమ్మలు దాటాం, మస్తాన్ ఎక్కడా ఆపలేదు, నేనూ ఆపమనలేదు.

దారిలో వింతలు చూసి రావడం సరదాయే. కానీ ఆ వింతను నిలబెట్టినవాళ్ళు ఎంత భయపడి నిలబెట్టారో మనకు తట్టదు. ఆ పూటకు నేను చేసిన మంచి ఏమీ లేదు. ఒక మనిషి ఆశ పోయిందని ఆమె మొహం మీదే చెప్పి వచ్చాను, అంతే. ఆ చేను ఎక్కడో చెప్పమని అడగకండి, మీరు వెళ్ళేసరికి అక్కడేమీ ఉండదు.

అటువైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క జాగ్రత్త. మిరప చేలో దిగితే చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి, అప్పటిదాకా కళ్ళు తుడుచుకోకండి. నేను కారెక్కగానే తుడుచుకున్నాను.