దర్జీ కొట్టు తాళంచెవి

ఆ వీధి రైడర్లంతా ఆమెను స్కూటరక్క అంటారు. యాప్‌లో ఆర్డర్ తీసుకుని హోటళ్ల నుంచి ఇళ్లకు భోజనాలు చేర్చడం ఆమె పని. ఎంత గతుకుల రోడ్డయినా డబ్బా మూత తడవనివ్వదు.

ఆమెకు ఇబ్బంది బండితో కాదు, బాత్రూంతో. మగవాళ్లకు కనబడిన ప్రతి గోడా చాలు. ఆమె మాత్రం ఇంటికే పోవాలి. మధ్యాహ్నం రద్దీలో పది నిమిషాలకు మించి యాప్ ఆపితే రేటింగ్ పడిపోతుంది. అది పడితే పై వారం పగటి షిఫ్టులు ఇంకొకరికి పోయి, రాత్రివే మిగులుతాయి. భర్తది రాత్రి కాపలా ఉద్యోగం. రాత్రిపూట ఇంట్లో పసిదాన్ని చూసే దిక్కు లేదు. అంటే రేటింగ్ పోతే పనే పోయినట్టు.

అందుకని పొద్దున్నుంచి గొంతు తడుపుకోకుండా తిరిగేది. మూత్రంలో మంట మొదలయ్యాక డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఆడవాళ్లకు ఇంకాస్త వ్యవధి ఇమ్మని స్కూటరక్క టీమ్ లీడరుకు ఫోన్ చేసింది.

"యాప్‌కి ఆడామగా తేడా లేదక్కా. అందరికీ ఒకటే రూలు" అన్నాడతను గొప్పగా.

"దానికి ఒళ్లు లేదు కదా తమ్ముడూ, ఎన్ని రూల్సయినా పెడుతుంది."

రోజూ ఆర్డర్లు తీసుకునే హోటల్ మేనేజరును బాత్రూం వాడుకోనివ్వమని అడిగితే, కస్టమర్లకు తప్ప కుదరదన్నాడు. సరేనని పైన తొడుక్కున్న యూనిఫాం చొక్కా విప్పి సంచిలో కుక్కి, కస్టమరులా కూర్చుని టీ చెప్పింది. టీ వచ్చేసరికే పది నిమిషాలూ అయిపోయాయి. బాత్రూం దొరికింది గానీ రేటింగ్ ఒక మెట్టు దిగింది. ఇంకొక్కసారి ఇలా అయితే పగటి షిఫ్టు మీద ఆశ వదులుకోవలసిందే.

మర్నాడు హోటల్ పక్కనున్న దర్జీ కొట్టులోకి నేరుగా వెళ్లింది. కొట్టు నడిపే పెద్దామె గుండీ కుడుతూ తలెత్తలేదు.

"పిన్నీ, వెనక బాత్రూం తాళం నాకివ్వండి. మీరు కుట్టిన బట్టలు నా దారిలో ఉన్న ఇళ్లకు ఇచ్చేస్తా."

"అడగడం చూస్తే ఆస్తి రాయించుకునేలా ఉన్నావే!"

"రాసిస్తే వద్దంటానా?"

పెద్దామె నవ్వి, ఖాళీ దారపు రీలుకు కట్టిన తాళంచెవి విసిరింది. "కడగడం కూడా నీ పనే."

"నా ఒక్కదానిదే ఎందుకు, నాలా బండి మీద తిరిగే ఆడవాళ్లు ఇంకో ముగ్గురున్నారు. వంతులేసుకుంటాం."

"అమ్మో, సైన్యంతో వచ్చావన్నమాట!"

వారం తిరిగేసరికి మిషన్ పక్క మేకుకు వేలాడే ఆ తాళంచెవి నలుగురి చేతులకూ అలవాటైంది. యాప్‌లో పై వారం షిఫ్టులు తెరుచుకోగానే స్కూటరక్క పగటివి నొక్కేసింది.

టీమ్ లీడర్ ఫోన్ చేశాడు. "చూశావా అక్కా, కష్టపడితే రూలు అడ్డం కాదు."

"అడ్డం తీసింది దర్జీ పిన్ని, తమ్ముడూ. మీ రూలు ఇంకా అక్కడే ఉంది. ఈ నెల కంపెనీ మీటింగుకి నలుగురం వస్తున్నాం, కుర్చీలు వేయించు."

ఫోన్ పెట్టేసి, హోటల్ గుమ్మంలో రైడర్లంతా చూస్తుండగా సీసాడు నీళ్లు గటగటా తాగింది. ఆర్డర్ మోగింది.