ఎలియోదోరో గారి ఉప్పు గోల

డాన్ ఎలియోదోరోకి లోకంలో ఒక్కటే శత్రువు. కొలరాడో నదిలో ఎగువనుంచి కొట్టుకొచ్చే ఉప్పు. మెక్సికోలోని మా మెహికాలి లోయలో పత్తి మొక్క మాడితే సరే, అది నిజంగా ఉప్పు పనే. కానీ ఆయన సైకిలు తుప్పుపట్టినా, జుట్టు రాలినా, మేనల్లుడు ఇంగ్లీషు పరీక్ష తప్పినా నేరం ఆ ఉప్పుదే. "గ్రింగోలు వదిలారు ఇంజినీరమ్మా, ఇంకేముంది!" అని నా ముందు నిట్టూర్చేవాడు. గ్రింగోలంటే ఎగువనున్న అమెరికావాళ్ళు.

ఆయనదీ నాదీ ఒకటే ఆఫీసు. అమెరికా తన పొలాలకు వాడుకునే నీటికంటే మాకిచ్చే నీరు మరీ ఉప్పగా ఉండకూడదని రెండు దేశాలకూ ఒప్పందం. అందుకని వారం వారం సరిహద్దు దగ్గర ఒకే బకెట్టు ముంచి రెండు సీసాల్లోకి పంచుకునేవాళ్ళం. ఒకటి మాకు, రెండోది అమెరికా వైపు యూమా నుంచి వచ్చే వెర్నన్‌కు. ఉప్పు కొలిచే మీటరు ఇంకా లెక్క తేల్చకముందే డాన్ ఎలియోదోరో బకెట్లో వేలు ముంచి నాకి, ముఖం చిట్లించి, ఉత్తరం వైపు తిరిగి ఉమ్మేవాడు.

"మళ్ళీ కలిపారుగదయ్యా వెర్నన్!"

"మీటరు బాగానే ఉందంటోంది కదండీ?"

"అది మీ దేశంలో పుట్టిన మీటరు. మీ మాట కాక నా మాట చెబుతుందా?"

వెర్నన్ టోపీ తీసి "క్షమించండి" అనేవాడు. వెర్నన్ అంత మంచివాడు.

ఆ తర్వాత ముగ్గురం దొన్యా కూకా హోటల్లో మాంసం పులుసు తినేవాళ్ళం. మగవాళ్ళకు డాన్, ఆడవాళ్ళకు దొన్యా అంటే మా వైపు 'గారు' అన్నట్టే. ఒక చలికాలం ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది గానీ నాలిక రుచి తిరిగి రాలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, పులుసే చాటింది. గరిటెడు నోట్లో పోసుకుంటే ఉప్పుకు కళ్ళు తిరిగేవి. లారీ డ్రైవర్లు ఎదుటి హోటలుకు మళ్ళారు. కూతురు "ఇక మూసెయ్యమ్మా" అని పోరు మొదలుపెట్టింది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ పొయ్యి ఒక్కటే.

ఒకరోజు ఒక డ్రైవరు గిన్నె నెట్టేశాడు. "ఇదేం పులుసు దొన్యా? బస్తా ఒంపావా?"

ఆమె ముఖం పాలిపోయింది. డాన్ ఎలియోదోరో దిగ్గున లేచాడు. "ఆమెనంటావేం? నీళ్ళను తిట్టవోయ్! ఈ వారం గ్రింగోలు తెగ వదిలారు. ఏం వెర్నన్?"

వెర్నన్ ఆయన్ని చూశాడు, ఆమెను చూశాడు. టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు. "అవునండీ. తప్పు మాదే."

ఆ ఏడాది మొత్తంలో అన్నిటికంటే తక్కువ ఉప్పున్న నీరు వచ్చింది ఆ పొద్దునే. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. బల్ల కింద డాన్ ఎలియోదోరో బూటు నా కాలి మీద పడింది.

మర్నాటినుంచి రోజూ పొద్దున్నే ఆయన వంటింట్లో హాజరు. మూలనున్న నీలం నీళ్ళ క్యాను మీద టోపీ పెట్టి, గరిటెతో పులుసు రుచి చూసేవాడు.

"ఇవాళ నీళ్ళు దారుణం దొన్యా. నువ్విక ఉప్పు వెయ్యకు, నీ వంతు కూడా వాళ్ళే వేశారు."

ఇంకోరోజు, "ఇవాళ వాళ్ళకు బుద్ధొచ్చింది. రెండు చిటికెళ్ళు వెయ్యి."

పులుసు దారిలో పడింది. లారీలు మళ్ళీ వచ్చి ఆగాయి, కూతురి పోరు ఆగింది. పిచ్చాయన మీద నాకు ఎక్కళ్ళేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఒక పొద్దున ఆయనకంటే ముందు నేనే వెళ్ళాను. దొన్యా కూకా నీలం క్యాను ఎత్తి, కొత్త పులుసులోకి గడగడా వంచుతోంది. నేను బిత్తరపోయాను.

"దొన్యా, పులుసుకు ఈ కొన్న నీళ్ళేనా?"

"మొదట్నుంచీ ఇవే తల్లీ. కాలవ నీళ్ళతో ఎవరైనా వండుతారా?"

నీళ్ళ పరీక్షే ఉద్యోగమైన మా ముగ్గురిలో ఒక్కరికీ ఆ అనుమానం రాలేదు!

"మరి ఆయన రోజూ వచ్చి చెబుతుంటే..."

"ష్! నన్ను భలే నమ్మించానని మురిసిపోతున్నాడు పాపం. చెప్పావంటే నీకు పులుసు బంద్."

బయట సైకిలు కిర్రుమంది. "దొన్యా! ఈ గ్రింగోలు ఇవాళేం చేశారో తెలుసా!"

ఆమె గబగబా క్యానును మూలకు నెట్టి, మీద తడి తుడిచి ఆయన టోపీకి చోటు చేసింది. "అయ్యో, మళ్ళీ వదిలారా!" అంటూ గరిటె అందించింది.