మళ్ళీ చేస్తే రాని ఫలితం

సెలవు దొరికి మా ఊరు గుడివాడ వచ్చినప్పుడల్లా ఆదివారం పొద్దున్నే ఎదురింటి ప్రార్థన మందిరంలో మైకు కీచుమంటుంది. తర్వాత ఎవరో గొంతు సవరించుకుని సాక్ష్యం మొదలుపెడతారు, జ్వరం తగ్గిందనో, పిల్లవాడికి ఉద్యోగం వచ్చిందనో. నేను కిటికీ మూసేస్తాను. భక్తి లేక కాదు, ఎస్తేరు మేడం గుర్తొస్తారు. ఇక ఆ రోజు ఏ పనీ సాగదు.

మేడం దివిసీమ మనిషి. హైదరాబాదులో మా ప్రయోగశాలకు పెద్ద. కణంలో ప్రోటీన్లు తయారవుతూ ఉంటాయి, పాడైనవి పోతూ ఉంటాయి. ఆ లెక్క తప్పితే ముద్దలు కట్టి నరాల కణాలు చచ్చిపోతాయి. "పంటకాలవ నిండుగా వస్తే చాలదమ్మా, మురుగు కాలవ కూడా పారాలి. అది పూడిందా, చేను కుళ్ళిపోద్ది" అనేవారు. వేల జన్యువులను ఒక్కొక్కటిగా ఆపి, ఏది ఆపితే ముద్దలు తగ్గుతాయో చూడటమే మా పని. ఎవరైనా ఫలితం వచ్చిందని పరిగెత్తుకొస్తే ఆవిడది ఒకటే ప్రశ్న: "మళ్ళీ చేస్తే వచ్చిందా?" చేయలేదంటే, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని అందరి ముందూ అనేవారు. నాకైతే ఒళ్ళు మండేది.

మేము పరిశోధిస్తున్న ఆ నరాల జబ్బే చివరికి ఆవిడకు వచ్చింది. ముందు చేతుల్లో సత్తువ పోయింది, తర్వాత మాట ముద్దయింది. అవనిగడ్డ దగ్గర ఊళ్ళో ఉన్న తల్లి సుగుణమ్మ గారి దగ్గరకు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు తన చర్మం కాస్త ఇచ్చి, దాన్నుంచి నరాల కణాలు పెంచి వాటిలోనే వెతకమన్నారు. వెతికాం. ఒక జన్యువును ఆపితే ఆ కణాల్లో ముద్దలు కరిగాయి. వెంటనే మేడంకు ఫోన్ చేసి చెప్పాను.

"మళ్ళీ చేశావా?" అన్నారు, ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ.

"చేస్తున్నానండీ."

"అయితే ఇంకా ఏం రాలేదన్నమాట."

మేడం ఫోన్ పట్టుకోలేరు కాబట్టి అది స్పీకర్‌లో ఉంది. పక్కనే ఉన్న సుగుణమ్మ గారు నా మాట విన్నారు. ఆ ఆదివారం చర్చిలో లేచి, మా అమ్మాయి జబ్బుకు మందు దొరికింది, దేవునికి స్తోత్రం అని సాక్ష్యం చెప్పేశారు. కృతజ్ఞత కూడిక పెడతానని ఊరంతటినీ భోజనాలకు పిలిచారు.

రెండోసారి ముద్దలు కరగలేదు. మూడోసారీ అంతే. ఫోన్లో చెప్పడానికి నోరు రాక బస్సెక్కాను.

"రామ్మా, సమయానికొచ్చావు. కూడిక రేపే" అంటూ సుగుణమ్మ గారు మజ్జిగ తెచ్చారు. మేడం నా ముఖం చూసి, "రాలేదు కదా" అన్నారు. తల ఊపి ఏడ్చేశాను. "నువ్వెందుకు ఏడవడం? పని సరిగానే చేశావు" అన్నారు. సుగుణమ్మ గారు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

మర్నాడు మేడం తనను చక్రాల కుర్చీలో చర్చికి తీసుకెళ్ళమన్నారు. మైకు నేను పట్టుకున్నాను. "మా అమ్మ అబద్ధం చెప్పలేదు, తొందరపడింది. మందు దొరకలేదు. నాకు తగ్గదు." మాటలు అర్థంకాక పాస్టరు గారు వంగి, ఇంకోసారి చెప్పమన్నారు. మేడం ఇంకోసారి చెప్పారు. ఎవరూ ఆమేన్ అనలేదు. ముందు వరసలో చాప మీద సుగుణమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు. నాకు ఆ క్షణం మేడం మీద కోపం వచ్చింది. ఇంత నిజం ఎవరికి కావాలి అనిపించింది.

వానలు మొదలవకముందే ఆవిడ పోయారు. సమాధి దగ్గర సుగుణమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. "నీ మీద కోపం లేదమ్మాయ్. కానీ ఆ రోజు నువ్వు రాకుండా ఉంటే, అది పోయేదాకా నేను బాగవుద్దనే అనుకుందును కదా."

ఇప్పుడు నా ప్రయోగశాలలోనూ పిల్లలు పనిచేస్తున్నారు. ఎవరైనా వెలిగిపోయే ముఖంతో ఫలితం పట్టుకొస్తే, ముందు ఆ తల్లి కళ్ళు కనబడతాయి. అయినా, మళ్ళీ చేయమనే అంటాను.