విమల కొలంబో వెళ్లింది, మేం ధనుష్కోడి దాకా వెళ్లాం

ఈ ప్రయాణానికి కారణం భక్తి కాదు, విమల. గుంటూరు కాలేజీలో చదువుకున్నప్పుడు హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. పెళ్లయ్యాక భర్తతో కొలంబో వెళ్లి, సముద్రం ఒడ్డున ఒక హోటల్లో పది రోజులుండి వచ్చింది. మిరపకాయలు కల్లంలో ఎండుతున్న రోజుల్లో, చీరాలలో చీరలు కొనడానికి వచ్చి, పనిగట్టుకుని మా పర్చూరు దాకా వచ్చి, నా ఒళ్లో ఫొటోలు పోసింది. ఒకదాంట్లో కొబ్బరిచెట్ల కింద పేము కుర్చీలో నల్లకళ్లద్దాలతో కూర్చుంది. ఇంకోదాంట్లో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది, భుజం మీద ఆయన చెయ్యి. "మీ వెంట ఎవరు వచ్చారే?" అనడిగాను. "ఎవరొస్తారు? మేమిద్దరమే," అంది. మిరప ఘాటుకి తుమ్ముతూ, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఎంత తేలిగ్గా అంది! ఆ రుమాలుకి కూడా లేసు ఉంది.

మా ఇంట్లో తొమ్మిదిమందిమి. పెళ్లై ఏడాది దాటినా మావారితో నేను గొంతెత్తి మాట్లాడింది లేదు. ఎండాకాలం అందరం డాబా మీదే పడుకుంటాం. ఆయన నవ్వితే ఎలా ఉంటుందో చూశాను గానీ, ఎలా వినిపిస్తుందో నాకు తెలియదు. విమల బస్సెక్కాక ఆడబిడ్డ బడి పుస్తకాల్లోంచి అట్లాసు తీసి ద్వీపాల కోసం వెతికాను. అండమాన్ అంటే ఇంట్లో గోల పెడతారు. సింహళానికి పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టు కావాలంటే మామగారిని అడగాలి, ఎందుకో చెప్పాలి. మావారు పొగాకు ఆకు చూసినంత శ్రద్ధగా పటం చూసి, "రామేశ్వరం కూడా ద్వీపమేగా. చుట్టూ సముద్రమే. దానికైతే మనింట్లో ఎవరూ కాదనరు," అన్నారు. ఆ క్షణాన మా ఆయనంత తెలివైనవాడు జిల్లాలో లేడనిపించింది.

ఇక నా ఏర్పాట్లు చూడాలి. మిరప టిక్కీ బస్తాలు గుంటూరు చేరి, చేతిలో డబ్బు పడ్డాక బయల్దేరాలి. చీరాల నుంచి రాత్రి మెయిలుకి మద్రాసు, అక్కడ ఎగ్మూరు స్టేషన్‌కి మారి, సాయంత్రం బయల్దేరి సింహళం స్టీమరుకి అందించే బోట్‌మెయిలు రైల్లో ద్వీపం. సముద్రం కనిపించే గది. పొద్దున ఇసుకలో నడక, మధ్యాహ్నం పుస్తకం, సాయంత్రం మళ్లీ ఇసుక. గుంటూరు వెళ్లినప్పుడు నల్లకళ్లద్దాలు కొని, పెట్టెలో పట్టుచీర మడతల్లో దాచాను. అన్నీ అయ్యాకే ఇంట్లో చెప్పాం.

చెప్పగానే మా అత్తగారికి కళ్లనీళ్లు తిరిగాయి. "కాలేజీలో చదివిన పిల్ల, దీనికి యాత్ర బుద్ధి పుట్టిందంటే మన ఇల్లు ఎంత పెట్టిపుట్టిందో!" అని వీధంతా చెప్పి వచ్చింది. ఆ సాయంత్రానికే పెద్దత్తయ్య మూట కట్టేసింది. పెద్దత్తయ్య అంటే మా అత్తగారి అక్క. పెళ్లయిన రెండో ఏట భర్త పోతే చెల్లెలి దగ్గరికి వచ్చేసి, ఈ ఇంట్లోనే ముసలిదైన మనిషి. "రామేశ్వరం వెళ్తూ పెద్దదాన్ని వదిలి వెళ్తారేంట్రా?" అని ఆవిడ అడిగితే మావారు ఏమంటారు? ఇక రామేశ్వర యాత్రంటే నేలపడక, ఒంటిపూట భోజనం, తిరిగి ఇల్లు చేరేదాకా ఆలుమగలు ఎడంగా పడుకోవడం. మా వైపు పుట్టిన ఏ ఆడపిల్లకైనా ఇది తెలుసు. నాకూ తెలుసు. అట్లాసు ముందు కూర్చున్నప్పుడు మాత్రం తట్టలేదు. "యాత్రలో నియమం తప్పితే పుణ్యం కాదు, పాపం," అని పెద్దత్తయ్య నా ముందే చాపలు లెక్కపెట్టింది. మూడు.

చీరాల దాకా బస్సు, అక్కణ్ణించి మెయిలు. ఇలా వెళ్లదలచిన వాళ్లకి చెప్పేదేమిటంటే, మద్రాసులో రెండు స్టేషన్లకీ మధ్య గుర్రబ్బండి వాళ్లు నోటికొచ్చింది అడుగుతారు. సామాను తక్కువైతే రూపాయికి తెగుతుంది. మాకు తెగలేదు. పెద్దత్తయ్య వెంట గోంగూర జాడీ, కందిపొడి డబ్బా, వీధిలో వాళ్లు తీర్థం తెమ్మని ఇచ్చిన ఖాళీ సీసాలు గలగలమంటూ ఉన్నాయి. "ఏం పెద్దమ్మా, సోడా షాపు పెడతావా?" అన్నారు మావారు. "నోర్ముయ్యరా, జాడీ పట్టుకో," అంది. ప్రయాణమంతా ఆయన చేతులు ఆ జాడీకే సరిపోయాయి.

బోట్‌మెయిల్లో మా ఎదుటి బల్ల మీద ఒక కొత్త జంట కూర్చుంది. నెల్లూరు వాళ్లట. ఆ అమ్మాయికి నా వయసే. నల్లకళ్లద్దాలు తలమీదికి తోసి పెట్టుకుంది. అలా పెట్టుకోవచ్చని నాకు తెలియనే తెలియదు. భర్త కమలాపండు ఒలిచి తొన తర్వాత తొన అందిస్తుంటే అందుకోవడమే పనిగా ఉంది. గింజలు కూడా అతనే తీస్తున్నాడు. "మీరూ కొలంబోకేనా అండీ?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపు పెద్దత్తయ్య, "కాదమ్మా, మేం యాత్రకి. వీళ్లకింకా పిల్లల్లేరుగా," అంది. ఆ అమ్మాయి అయ్యో అన్నట్టు చూసి నాకో తొన ఇవ్వబోయింది. పుల్లటివి పడవని చెప్పాను. కమలాపండంటే నాకు ప్రాణం.

మర్నాడు పాంబన్ దగ్గర రైలు సముద్రం మీదికి వచ్చింది. ఇది చూడటానికైనా ఈ దారిలో రండి. బండి మనిషి నడిచినంత మెల్లగా పోతుంది, రెండుపక్కలా కిందికి చూస్తే నీళ్లు తప్ప ఏమీ ఉండవు. కుడివైపు కిటికీ దక్కితే ఇంకా మంచిది. మాకు దక్కింది, అందులోంచి పెద్దత్తయ్య తల బయట పెట్టి, ఇంటిల్లిపాదీ ఇచ్చిన చిల్లర ఒక్కొక్కటే సముద్రంలోకి విసురుతూ కూర్చుంది. ఆ నెల్లూరు వాళ్లు రెండో కిటికీలో తలలు ఆనించుకుని చూశారు. నేను ఆ ఇద్దరి వీపుల్నీ చూశాను.

ముందు సేతువులో స్నానం చేసి, తర్వాతే రామేశ్వరం గుడికి పోవాలని పెద్దత్తయ్య పట్టు. అందుకని దిగకుండా ధనుష్కోడి దాకా పోయాం. భూమి అక్కడ సన్నబడి సన్నబడి ఒక ఇసుక నాలుక అయిపోతుంది. ఒకవైపు నీళ్లు చెరువులా పడుకుని ఉంటాయి, ఇంకోవైపు లేచి మీద పడతాయి. సింహళం వెళ్లే స్టీమరు రైలు పక్కనే ఆగి ఉంది. నెల్లూరు అమ్మాయి మెట్లెక్కుతూ నాకు చెయ్యూపింది. విమల కూడా ఈ మెట్లే ఎక్కి ఉంటుంది. ఇన్ని మైళ్లు వచ్చి, సరిగ్గా దాని పెళ్లిప్రయాణం మొదలైన చోట నేను సీసాలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. స్టీమరు చుక్కంత అయ్యేదాకా చూస్తుంటే మావారు పక్కకి వచ్చి, "కోపమా?" అన్నారు. "మీరు కమలాపండు ఎప్పుడైనా ఒలిచారా?" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. సత్రంలో మూడు చాపలూ పరిచారు. మధ్య చాప ఎవరిదో చెప్పక్కర్లేదు.

తెల్లవారి పురోహితుడు దంపతుల్ని ఒడ్డున నిలబెట్టాడు. మా కొంగులు ముడివేసింది పెద్దత్తయ్యే. "చెయ్యి గట్టిగా పట్టుకోవే. అలలో జారితే ముడి ఆపదు," అంది. అంతమంది మధ్య, పట్టపగలు, పెద్దావిడ ఆజ్ఞ మీద మావారి చెయ్యి పట్టుకున్నాను. పురోహితుడి మంత్రానికి మూడు మునకలు. అవి అయ్యాక, రాలేని వాళ్ల పేరు చెప్పి మునగాలి. ఆవిడ ఒడ్డు నుంచి అరవడం మొదలుపెట్టింది. "మీ అమ్మ పేర!" మునిగాం. "మీ నాన్న పేర!" మునిగాం. ఈసారి పెద్ద అల వచ్చి ఇద్దర్నీ బోర్లా తోసింది. నోటినిండా ఉప్పునీళ్లతో లేచి చూసేసరికి మావారు నవ్వుతున్నారు. గొంతెత్తి, పొట్ట పట్టుకుని, పొలంలో మనిషి కేకేసినట్టు నవ్వుతున్నారు. అదీ ఆయన నవ్వు. నాకూ ఆగలేదు.

ఇంట్లో పేర్లు అయిపోయాయి. వీధిలోవి అయిపోయాయి. పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం దగ్గర మంట వేసేవాళ్ల పేర్లూ అయ్యాయి. పక్కజంటలు గట్టెక్కి బట్టలు పిండుకుంటున్నారు. "ఇక చాలు పెద్దమ్మా!" అన్నారు మావారు. "చాలని ఎవడు చెప్పాడ్రా? నల్లగేదె పేర ఒకటి మునగండి. దానికి మాత్రం పుణ్యం వద్దా?" అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ లెక్క తప్పి అరవడం లేదని, కావాలనే మమ్మల్ని నీళ్లలో ఉంచుతోందని. "ఆ మిరపల రోజుల్లో వచ్చిందే, తుమ్ముల పిల్ల, దాని పేర?" అంది. "దానికి అక్కర్లేదత్తయ్యా, అది ఆ ఒడ్డుకే వెళ్లొచ్చింది!" అని అరిచాను.

తర్వాతి పేరు కోసం ఒడ్డు వైపు తిరిగాం. చూస్తే ఆవిడ మా పొడిబట్టలు గుండెలకి హత్తుకుని, మా ముడి వంక చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నిన్న స్టీమరు వంక నేను చూసిన చూపే. "ఒరేయ్," అంది కాస్త తగ్గు గొంతుతో, "మీ పెదనాన్న పేర ఒకటి మునగండి. ఇద్దరూ. చెయ్యి వదలొద్దు." మేం మునిగాం. ఆ ఒక్కటీ నవ్వకుండా, ఊపిరి పట్టినంతసేపు నీళ్లలోనే ఉన్నాం.

కొలంబో మీద నాకు ఆశ చావలేదు. విమల ఫొటోలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు, నల్లకళ్లద్దాలు పెట్టెలోంచి బయటికే రాలేదు. రామేశ్వరం గుడి చూసుకుని తిరిగి వచ్చేటప్పుడు మాత్రం పెద్దత్తయ్యని మధ్యలో కూర్చోమని పిలిచి కూర్చోబెట్టుకున్నది నేనే. పాంబన్ వంతెన మీద ఆయన మా ఇద్దరికీ కమలాపండు ఒలిచారు, గింజలు కూడా ఆయనే తీశారు. కొత్త దంపతులు ధనుష్కోడి వెళ్తే సామాను తగ్గించుకోండి, గది కోసం పెద్దగా ఆశ పడకండి. పేర్లు మాత్రం వీలైనన్ని పట్టుకెళ్లండి. చుట్టాలవి చాలకపోతే గొడ్డూ గోదా పేర్లయినా సరే.