జీపు వచ్చేదాకా కదలని బస్సు

కెనడాలో అమ్మే యాలకులకు వాసన ఉండదు. ఈ దేశం మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇది పెద్దదేమీ కాదు. చలి గురించీ డాక్టరు అపాయింట్‌మెంట్ల గురించీ చెప్పుకోవడానికి మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను యాలకులతో సరిపెట్టుకున్నాను. చూడ్డానికి ఆకుపచ్చగా, బొద్దుగా, ఫొటోకి నిలబడ్డట్టుంటాయి. దంచి టీలో వేస్తే ఆ సంగతి టీకి తెలియదు. మొన్న శనివారం మా అమ్మాయి మాయను హాకీ ప్రాక్టీసు నుంచి తీసుకొస్తూ, ఐస్ రింకు వెనక కొత్తగా తెరిచిన అరబ్బు అంగట్లో చిన్న పొట్లం కొన్నాను. కారులో పెట్టానో లేదో, ఇంకా హీటరు సరిగ్గా అందుకోకముందే, కారంతా ఒక గేటు వాసన వేసింది. గేటుకి వాసనేమిటని అనుకోవచ్చు. నా చిన్నప్పటి గేటుకి ఉండేది.

ఆ గేటు సౌదీ అరేబియా తూర్పు తీరంలో, సముద్రం కనపడకుండా సముద్రపు ఉక్కపోత మాత్రం వచ్చే ఒక ఊళ్లో ఉండేది. మా నాయన నెల్లూరు నుంచి అక్కడికి ఒక కాంట్రాక్టు కంపెనీలో మీటర్లు చూసే ఇంజనీరుగా వెళ్లాడు. చుట్టూ గోడ కట్టి లోపల నలభై ఇళ్లు కట్టిన ఆవరణను కాంపౌండ్ అనేవాళ్లం. మొదటి వరసలో, ఈతకొలను పక్కన, అమెరికా వాళ్లు, బ్రిటన్ వాళ్లు, ఒక కెనడా కుటుంబం. మధ్య వరసల్లో లెబనాన్ వాళ్లు, ఈజిప్టు వాళ్లు. చివరి వరసలో, జనరేటర్ పక్కన, మేము. ప్రపంచం ఎలా అమర్చి ఉందో భూగోళం పుస్తకం కంటే ముందే ఆ వరసలు నాకు చెప్పేశాయి. పుస్తకం తర్వాత ఆ విషయాన్ని ధ్రువీకరించింది.

గేటు దగ్గర గదిలో కాపలాదారు అబూ సాలెహ్ ఉండేవాడు. ఆయనకి చిన్న బొగ్గుల కుంపటి, దాని మీద పక్షిముక్కులాంటి కొమ్ముతో ఒక ఇత్తడి కాఫీ కూజా ఉండేవి. ఆ కాఫీ నల్లగా ఉండదు, పసుపుపచ్చగా ఉంటుంది, పంచదార ఉండదు, దంచిన యాలకుల ఘాటు మాత్రం గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేది. చెవి లేని బుల్లి కప్పులో అడుగున రెండు గుక్కలు పోసి, ఇంకో చేత్తో ఖర్జూరం ఇచ్చేవాడు. చాలు అనుకుంటే కప్పును వేళ్ల మధ్య అటూ ఇటూ ఊపి తిరిగివ్వాలి. ఊపకుండా ఇస్తే మళ్లీ పోస్తాడు, అది వాళ్ల మర్యాద. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. మొదటిరోజు వద్దనడం ఎలాగో తెలియక ఏడు కప్పులు తాగి, నిద్ర పట్టక, తెల్లారేదాకా మా అమ్మకి ఎక్కాలు ఒప్పజెప్పాను.

ఆయన నన్నంత గౌరవించడానికి కారణం నా పేరు. మా అమ్మకి నాకంటే ముందు ఇద్దరు పిల్లలు పుట్టి దక్కలేదు. నెల్లూరు వైపు అలాంటప్పుడు దర్గాకి పోయి మొక్కుకుంటారు, బిడ్డ నిలిస్తే ఆ మహాత్ముడి పేరు పెడతారు. మా వీధిలోనే మస్తానయ్యలు, మస్తానమ్మలు, ఒక మస్తాన్ రెడ్డి ఉండేవాళ్లు. వీళ్లంతా శ్రీరామనవమికి పానకం పంచేవాళ్లే, గంధం ఉత్సవానికి దర్గాలో వరసలో నిలబడేవాళ్లే. అలా వెంకటసుబ్బయ్య కొడుకునైన నేను మస్తాన్‌ని అయ్యాను. అబూ సాలెహ్ ఆ పేరు వినగానే ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. ముస్లిమేతరుల గుర్తింపు పుస్తకానికి గోధుమరంగు అట్ట ఉంటుంది, మా నాయన ఆ పుస్తకాన్ని రోజూ గేటు దగ్గర చూపించేవాడు, కాబట్టి మేమెవరమో ఆయనకి తెలియకుండా ఉండే అవకాశం లేదు. ఆయన అడగలేదు, మేము చెప్పలేదు. వినాయకచవితికి మా అమ్మ కిటికీ తెరలు మూసి, గోధుమపిండితో వినాయకుణ్ణి చేసి, ఉండ్రాళ్లు ఒక గిన్నెలో పెట్టి గేటుకి పంపించేది. “ఈ కాలంలో చేసుకునే వంట” అని మా నాయన వివరించేవాడు. అబూ సాలెహ్ గిన్నె కడిగి, నిండా ఖర్జూరాలు పోసి వెనక్కి పంపేవాడు. మతాల గురించి మా మధ్య జరిగిన చర్చ మొత్తం అంతే.

ఎండాకాలంలో పొద్దున ఆరింటికే తారురోడ్డు మెత్తబడేది, కుళాయి తిప్పితే మరిగిన నీళ్లు వచ్చేవి, మధ్యలో ఎప్పుడో వాయవ్యం నుంచి దుమ్ముగాలి లేచి మూడు రోజులపాటు అన్నంలో, పరుపుల్లో, పళ్ల మధ్య ఇసుక నింపి పోయేది. ఆ ఎండ చివర్లో ఖర్జూరాలు సగం పసుపు, సగం గోధుమరంగులో, పట్టుకుంటే తొక్క జారేంత మెత్తగా వచ్చేవి. రంజాన్ నెలలో సాయంత్రం వీధి వీధంతా ఒక్కసారి నిశ్శబ్దమయ్యేది, ఆ తర్వాత గిన్నెల చప్పుడు, వేయించిన మాంసం సమోసాల వాసన, ఎర్రటి షర్బత్, లెబనాన్ వాళ్లింటి నుంచి పప్పు సూపు మా ఇంటికి, మా ఇంటి నుంచి ఉల్లిపాయ పకోడీలు వాళ్లింటికి. చలికాలంలో పట్టుమని రెండు వానలు పడితే మురుగుకాలవలు లేని ఆ ఊరు చెరువయ్యేది, మాకు సెలవిచ్చేవాళ్లు. ఇప్పుడు నేనుండే చోట మోకాలిదాకా మంచు పడినా సెలవివ్వరు.

కెనడా కుటుంబంలో అబ్బాయి పేరు డానీ. నా ఈడువాడే. ఎడారిలో హాకీ ఆడాలన్న ఆలోచన వాడిదే. వాళ్ల నాన్న చీపురుకర్రలకి చెక్కముక్కలు బిగించి నాలుగు హాకీ కర్రలు చేసిచ్చాడు. వెలిసిపోయిన టెన్నిస్ బంతి, గోలుకి రెండు జతల చెప్పులు, వెనకవరస తారురోడ్డు. నేనూ డానీ ఒక వైపు, లెబనాన్ అన్నదమ్ములిద్దరూ ఇంకోవైపు. కారు వస్తే అబూ సాలెహ్ గేటు దగ్గర్నించి “సయ్యారా” అని కేకేసేవాడు, అందరం చెప్పులు తీసుకుని పక్కకి పోయేవాళ్లం. వాళ్ల ఊళ్లో చెరువు గడ్డకడితే దాని మీద ఆడతామని డానీ చెప్పాడు. మంచంటే మా ఫ్రిజ్ పైఅరలో పేరుకునేదే నాకు తెలుసు. వాడు చెప్పింది అబద్ధమని ఏడాదిపాటు నమ్మాను, స్నేహితుడు కాబట్టి పైకి అనలేదు.

ఈ లోపల ఎక్కడో కొండల్లో, పెద్ద డబ్బున్న కుటుంబంలో పుట్టిన ఒకాయన నేలమీద చాపేసుకుని కెమెరాతో మాట్లాడుతున్నాడు. ఈ గడ్డ మీద పడమటి దేశాలవాళ్లు ఉండకూడదన్నది ఆయన మాటల సారాంశం. అమెరికాలో మేడలు కూలినప్పుడు కాంపౌండ్‌లో పెద్దవాళ్లంతా ఒకే టీవీ ముందు కూర్చున్నారు, డానీ వాళ్లమ్మ భుజం మీద లెబనాన్ ఆంటీ చెయ్యేసి ఉంచింది. ఆ చెయ్యి మరో రెండేళ్లు అక్కడే ఉంది. తర్వాత ఆయన మనుషులు మేమున్న దేశంలోకే వచ్చి, వేరే నగరంలో, మాలాంటిదే ఒక కాంపౌండ్ మీద పడ్డారు. చనిపోయినవాళ్లలో అన్ని వరసలవాళ్లూ ఉన్నారు. అటువంటి వాళ్లు వరసలు చూసి కాల్చరని మా నాయన అన్నాడు. ఆయన జీవితంలో చెప్పిన రాజకీయ వ్యాఖ్య అదొక్కటే.

నెల తిరక్కుండానే గోడ ఎత్తు రెట్టింపయ్యింది. గేటు ముందు సిమెంటు దిమ్మెలు పాములా మెలికలు తిరిగాయి, ఇసుకబస్తాల వెనక మెషిన్‌గన్‌తో ఒక సైనికుడు కూర్చున్నాడు. అబూ సాలెహ్ చేతికి పొడుగాటి కర్రకి కట్టిన అద్దం ఒకటి ఇచ్చారు. పదేళ్లుగా ఏ కారు ఎవరిదో చప్పుడుని బట్టి చెప్పగలిగిన మనిషి, ఆ కార్ల కిందే అద్దం పెట్టి వంగి చూడటం మొదలుపెట్టాడు. చూస్తున్నంతసేపూ లోపల కూర్చున్నవాళ్ల ముఖాలు చూసేవాడు కాదు. గేటు దగ్గర నిప్పు ఉండకూడదని కొత్త నిబంధన వచ్చింది. కుంపటి పోయింది, దాని వెనకే కూజా పోయింది. ఆ వాసన మానిపించడం ఆ కొండల్లో మనిషి ఉద్దేశాల్లో ఉండి ఉండదు. కానీ మా వరకు ఆయన ఉద్యమం సాధించిన మొదటి విజయం అదే.

రెండోది బస్సు సంగతి. కాంపౌండ్ పిల్లలందరికీ ఒకటే బస్సు. ముందు మమ్మల్ని ఇండియన్ స్కూల్లో దించి, తర్వాత మిగిలినవాళ్లని వాళ్ల స్కూళ్లలో దించేది. పడమటి దేశాల పిల్లలున్న బస్సు పోలీసు జీపు ముందు నడవకుండా కదలకూడదన్నారు. జీపు ఒకరోజు ఆరింటికి వచ్చేది, ఒకరోజు ఏడింటికి. మా స్కూల్లో ఏడింటికి గేటు మూసేవాళ్లు. లేటైనవాళ్లు నెత్తిన పుస్తకాల సంచీ పెట్టుకుని ఎండలో నిలబడాలి, మా డ్రిల్లు మాస్టారికి ప్రపంచ రాజకీయాలు పట్టవు. ఒక్కో కుటుంబమే సర్దుకుని పోతుండగా, మొదటి వరసలో పిల్లలున్న ఇల్లు డానీ వాళ్లది ఒక్కటే మిగిలింది. అంటే నలభై ఇళ్ల పిల్లల్ని మోసే బస్సు రోజూ ఒక్క డానీ కోసం జీపుకి ఎదురుచూస్తోంది.

వరసగా తొమ్మిది రోజులు ఎండలో నిలబడ్డాను. పదోరోజు పొద్దున, వాడు ఎప్పట్లాగే నాకు కిటికీ సీటు వదిలి పక్కకి జరుగుతుంటే, నేను కూర్చోకుండా చెప్పాను. రేపట్నించి మీ నాన్న కారులో పో, నీ వల్ల అందరం ఆగిపోతున్నాం అన్నాను. వెనక సీట్లలో ఎవరో నవ్వారు. డానీ నా ముఖంలోకి చూసి, “సరే” అన్నాడు. వాడు కోప్పడి ఉంటే నాకిప్పటికి ఈ విషయం గుర్తుండేది కాదు.

మర్నాడు వాడి సీటు ఖాళీ. జీపు రాలేదు, అవసరం లేదు కాబట్టి. బస్సు టైముకి బయల్దేరింది. రెండు వారాల్లో వాళ్లు దేశం వదిలిపోయారు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి మా గుమ్మం పక్కన వాడి హాకీ కర్ర గోడకి ఆనించి ఉంది.

“ఆ పిలగాడు పోతా పోతా నీకిమ్మని ఇచ్చిపొయినాడు,” అంది మా అమ్మ. “లోపలికి రారా అంటే రాలా. నువ్వేమన్నా అన్నావా వాణ్ణి?”

“నేనేమన్లా.”

“మరట్టా ఉందేందిరా వాడి మొకం?”

ఆ మరుసటి ఏడాది ఒక్కరోజు కూడా లేటు కానందుకు నాకు స్కూల్లో సర్టిఫికెట్ ఇచ్చారు. మా అమ్మ దానికి అద్దం కట్టించింది.

ఆ తర్వాత నేను చదువుకున్న పుస్తకాల్లో, ఆ మనిషి ముస్లిం దేశాలకీ పడమటి దేశాలకీ మధ్య ఏం చేశాడన్నదాని మీద చాలా రాశారు. నాకు తెలిసినంతవరకు పైవాళ్ల మధ్య పెద్దగా ఏమీ చెడలేదు. కరచాలనాలు జరిగాయి, చమురు పోయింది, విమానాలు వచ్చాయి. చెడిందంతా వెనకవరస తారురోడ్డు మీద. ఆయన కావాలన్నవన్నీ జరగలేదు కానీ, మనుషులు ఒకళ్లనొకళ్లు బస్సులోంచి దింపుకోవడం మాత్రం ఆయన లేకపోయినా నడుస్తోంది. ఆ కాంపౌండ్ ఇప్పుడు లేదు, దాని స్థానంలో గోదాములు కట్టారని విన్నాను. అబూ సాలెహ్ ఏమయ్యాడో తెలిసినవాళ్లు నాకెవరూ దొరకలేదు. డానీ ఇంటిపేరు నాకెప్పుడూ తెలియదు; వాడి దేశానికే వచ్చి పదేళ్లుగా ఉంటున్నాను, ఏ రింకులో నా వయసు తెల్లవాడు కనిపించినా ఒక క్షణం ఎక్కువసేపు చూస్తాను. చెరువు గడ్డకట్టే మాట నిజమే.

అప్పుడు నన్ను లోపలికి పిలిచి కాఫీ పోయించిన పేరు, ఇప్పుడు అమెరికా సరిహద్దులో పక్కగదిలోకి పంపిస్తుంది. వాళ్లు మర్యాదగానే ఉంటారు. కుర్చీ చూపిస్తారు. తండ్రి పేరు వెంకటసుబ్బయ్య అయినప్పుడు కొడుకు పేరు ఇలా ఎందుకుందని అడిగితే, మొక్కు అన్న మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక దేవుడికిచ్చిన మాట అన్నాను. ఏ దేవుడికి అని అడిగాడు ఆ అధికారి. అక్కణ్నించి పరిస్థితి మెరుగుపడలేదు. రెండేళ్ల కిందట అలా రెండున్నర గంటలు కూర్చున్నప్పుడు మాయకి ఎనిమిదేళ్లు; వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని గోడ మీది గడియారం చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల పుట్టినప్పుడే, ఏ దేశం వాడు చూసినా తనదే అనుకునే పేరు పెట్టాలని నా భార్య మాధవి పట్టుబట్టింది ఇలాంటిది ఊహించే. నేను నవ్వాను గానీ అడ్డుపడలేదు.

మాయ జట్టులో నాకూ ఒక ఉద్యోగం ఉంది. ఆట మధ్యలో పిల్లలు మారేటప్పుడు బెంచి ముందుండే తలుపు తీసి మూస్తాను, గడ్డకట్టిన వేళ్లతో వాళ్ల లేసులు కడతాను. వచ్చే నెల నది అవతల, అమెరికా ఊళ్లో, వాళ్ల మొదటి టోర్నమెంటు. పిల్లలూ పెద్దలూ కలిసి ఒకే బస్సులో పోతున్నారు. శనివారం ప్రాక్టీసు తర్వాత, బస్సులో వచ్చే పెద్దవాళ్ల పేర్లు రాయమని కోచ్ కాగితం ఇస్తే, అందరికంటే ముందు నా పేరు రాశాను.

యాలకుల పొట్లం తీసుకుని కారెక్కేసరికి మాయ ముందు సీట్లో ముక్కు మూసుకుని, “వాట్ ఈజ్ దట్ స్మెల్, డాడీ?” అంది. గేటు అని చెప్తే బాగుండదని, కాఫీలో వేసేవని చెప్పాను. డానీ గురించి, చీపురుకర్రల హాకీ గురించి ఇవాళ చెప్పొచ్చనిపించింది. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తూ కారు రోడ్డు మీదికి తీశాను. రెండు సిగ్నళ్లు దాటాక మాయ చేతితొడుగులు ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో బదులిచ్చే పిల్ల, ఎందుకనో ఆ మాట మాత్రం తెలుగులో, కూడబలుక్కుని, రోడ్డు వైపే చూస్తూ చెప్పింది.

“నువ్వు బస్సులో రాకు డాడీ. నువ్వుంటే అందర్నీ ఆపేస్తారు.”