మావయ్య అర్హత

జిల్లా వ్యవసాయ సలహా సంఘంలోకి అర్హులైన రైతులను తీసుకుంటున్నారనీ, మా మేనమామ పేరు పైకి పంపాననీ గ్రామసేవకుడు వచ్చి చెప్పిన రోజున మావయ్య ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. పండినదాన్నిబట్టి రైతులు ప్రభుత్వానికి తప్పనిసరిగా ఇవ్వాల్సిన లెవీ ధాన్యం జోరుగా వసూలు చేస్తున్న రోజులవి. నేను శ్రీకాకుళంలో బి.ఏ. పూర్తిచేసి, కోటబొమ్మాళి దగ్గర మావయ్య ఊళ్ళో ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, అంటే భోజనం చేస్తూ, ఉండేవాణ్ణి.

అర్హత ఏమిటని మావయ్య అడిగాడు. కొత్తరకం వరిలో మంచి దిగుబడి తీసి ఉండాలట. ఎంత తీశాడో చూడడానికి ఆఫీసరుగారు వస్తారట. గ్రామసేవకుడు సైకిలెక్కి వెళ్ళాక మావయ్య నాతో అన్నాడు:

"దిగుబడెంతని అడిగినోడికి కావలసింది సలహా కాదురా, ధాన్యం."

ప్రభుత్వం రైతుల అనుభవాన్ని గౌరవిస్తోందని చెప్పాను. మాకు కాలేజీలో అలాగే చెప్పారు. మావయ్య నావైపు జాలిగా చూశాడు.

గ్రామసేవకుణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసరు జీపులో వచ్చిన రోజున, మావయ్య ఆయనను తన మడికి కాకుండా బావమరిది మడికి తీసుకెళ్ళాడు. దానికి తెగులు తగిలి, వెన్నుల్లో ముప్పాతిక తాలే.

"మాకు పండింది ఇదే బాబూ," అన్నాడు వినయంగా.

వెనకాల నిలబడ్డ బావమరిది గొంతు తగ్గించి, "నా మడికి అద్దేటిస్తావు బావా?" అన్నాడు. నాకు దగ్గు వచ్చింది. గ్రామసేవకుడికి ఆ పూట భోజనం మా ఇంట్లోనే కాబట్టి, ఆయన ఆకాశం చూస్తూ ఉండిపోయాడు.

ఆఫీసరు ఆ వెన్నులు నలిపి నలిపి చూశాడు. మిగతా ఊళ్ళలో ప్రతివాడూ బంగారంలాంటి పంటే చూపించాడనీ, చెడిన పంటను చెడిందని చూపించిన రైతు ఇక్కడే కనిపించాడనీ, నిజం చెప్పేవాడే సలహాకు పనికొస్తాడనీ అన్నాడు. మావయ్య మొహం ఆ మడిలాగే అయింది.

ఆ విధంగా ఆయన సభ్యుడయ్యాడు. శ్రీకాకుళంలో మొదటి సమావేశానికి నేనూ తోడు వెళ్ళాను. టీ ఇచ్చారు. ఉపన్యాసం ఇచ్చారు. సలహా మాత్రం ఎవరూ అడగలేదు.

నూర్పులయ్యాక లెవీవాళ్ళు వచ్చారు. ఈసారి దిగుబడెంతని అడగలేదు. సంఘం సభ్యుడు ముందు కొలిస్తే ఊరు వెనకాల కొలుస్తుందని చెప్పి, తిన్నగా పెరట్లోని గాదె దగ్గరికి నడిచారు. తెగులు పడ్డ మళ్ళో ఇంత పండించాడా అని నోళ్ళు తెరిచారు. సంఘానికి ఎంత అర్హుణ్ణి ఎంచారో అని మెచ్చుకున్నారు కూడా.

బస్తాలు బండికెక్కుతుంటే మావయ్య నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఒరే, గౌరవిస్తన్నారు. సూడు."